తివాచీ మీద నీళ్ళు

మండుతున్న ఫోన్ కింద తెల్లగుడ్డ పరిచిన మనిషి ఈ భూమ్మీద మెత్తక్క ఒక్కతే అయ్యుంటుంది.

నిజానికి అది మంట కాదు. శిక్షణ కేంద్రం వాళ్ళు పెద్ద షెడ్డులో చెక్కతోనూ రేకుతోనూ కట్టిన ఉత్తుత్తి విమానం అది. ఎనిమిది సీట్లు, ముందువైపు ఒక తలుపు, రెక్క మీదికి తెరుచుకునే కిటికీ ఒకటి. ఫోన్ కూడా ఉత్తుత్తిదే. లోపల ఎర్ర బల్బు, పొగ వదిలే చిన్న యంత్రం ఉన్నాయి. సీటు సందులోంచి పొగ లేవగానే మెత్తక్క పరుగున వెళ్ళింది, మంటలార్పే డబ్బా తీసి కొట్టింది. అంతవరకూ పుస్తకంలో ఉన్నట్టే చేసింది. తర్వాత ఫోన్ మీద నీళ్ళు గుమ్మరించాలి, బ్యాటరీ చల్లారేదాకా గుమ్మరిస్తూనే ఉండాలి. సీసా మూత తీసి వంచబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రెండో చెయ్యి అలమారలోకి వెళ్ళి మడతపెట్టిన తెల్లగుడ్డ ఒకటి తీసి, దులిపి, నాలుగు మూలలూ సర్ది తివాచీ మీద పరిచింది. ఐసుముక్కలు తీసే పట్టకారుతో ఫోన్ని పట్టుకొచ్చి దాని మీద పెట్టింది. అప్పుడు పోసింది నీళ్ళు. అదీ సన్నటి ధారగా, చుక్క పక్కన పడకుండా.

షెడ్డంతా నవ్వులే. ఆ జట్టులో తొమ్మిదిమంది ఉన్నారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ ఆడపిల్లలు ఆరుగురు, ఇద్దరు పైలట్లు, వీళ్ళందరిలోకీ పెద్దది నలభై ఆరేళ్ళ మెత్తక్క. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమె పనిచేసే విమానం కెప్టెనే. పొట్ట పట్టుకుని మరీ నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఏమ్మా, నా ఫోన్ కాలినప్పుడు మాత్రం పట్టుగుడ్డ పరుచు" అన్నాడు.

శిక్షణ ఇచ్చే మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆమె పొట్టి మనిషి. మెడలో విజిల్, చేతిలో గడియారం ఎప్పుడూ ఉంటాయి. "పదకొండు సెకన్లు" అంది గడియారం చూస్తూ. "ఈ పదకొండు సెకన్లలో సీటు అంటుకుంది. పొగ కాక్‌పిట్‌లోకి వెళ్ళింది. తివాచీకి మాత్రం ఏమీ కాలేదు."

"ఊలు తివాచీ కదా మేడమ్" అంది మెత్తక్క, సంజాయిషీ ఇస్తున్నట్టు. "మరక పడితే పోదు."

మేడమ్ వంగి, కింద పరిచిన ప్లాస్టిక్ చాప అంచు పట్టుకుని పైకెత్తి చూపించింది. మళ్ళీ నవ్వులు. మెత్తక్క చెవుల దాకా ఎర్రబడిపోయింది.

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. నడిస్తే అడుగుల చప్పుడు వినపడదని పైలట్లు పెట్టిన పేరే మెత్తక్క. విమానం సొంతదారుని అందరూ పెద్దాయన అంటారు. ఆయన నిద్రపోతుంటే ఆయన వేళ్ళ మధ్యనున్న గ్లాసు, ఆయనకి మెలకువ రాకుండా మెత్తక్క తీసెయ్యగలదు. ఆ ఎనిమిది సీట్ల విమానంలో కాఫీ దగ్గర్నుంచి కంబళిదాకా అన్నీ ఆమే. కానీ ప్రతి ప్రయాణానికీ రాసే కాగితంలో సిబ్బంది ఇద్దరనే ఉంటుంది. ఆ ఇద్దరూ పైలట్లు. మెత్తక్కని ప్రయాణికుల లెక్కలో కలిపేస్తారు. ట్రే పట్టుకుని నిలబడే ప్రయాణికురాలన్నమాట. పైలట్లకి ఏటేటా శిక్షణ ఉంటుంది. చిన్న విమానంలో కాఫీ ఇచ్చే మనిషికి అదెందుకని పదహారేళ్ళుగా ఆమెకి ఎవరూ ఏమీ నేర్పలేదు. వాళ్ళు శిక్షణకి వెళ్ళిన వారం ఆమె గ్లాసులు మెరుగు పెడుతూ కూర్చునేది.

ఇప్పుడు కంపెనీకి ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి భద్రతా సర్టిఫికెట్ లేనివాళ్ళు విమానమెక్కి పనిచెయ్యకూడదని ఉత్తరం పంపించింది. నాలుగు రోజుల శిక్షణ, నాలుగో రోజు పరీక్ష. తప్పినవాళ్ళు కింద, వంటగదిలో భోజనం పెట్టెలు సర్దుకోవచ్చు. ఆ వంటగదికి కిటికీ కూడా లేదు. మెత్తక్కకి ఎగరడమంటే ఇష్టం. ఇన్నేళ్ళయినా చక్రాలు నేల వదిలేటప్పుడు గుండె ఒక్కసారి తేలిపోతుంది. ఆ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

సాయంత్రం ఇంటికొచ్చి తెల్లగుడ్డ కథ మాత్రం దాచకుండా చెప్పేసింది.

"మంచిపనే చేశావు" అంది అత్తగారు. "తివాచీ అంటే మాటలా."

అత్తాకోడళ్ళు ఒకే మాట మీద నిలబడటం ఆ ఇంట్లో అదే మొదటిసారి. మొగుడు సిటీ బస్సు కండక్టరు. చొక్కా గుండీలు విప్పుకుంటూ అంతా విన్నాడు. నవ్వలేదు. అందుకు ఆమెకి అతని మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"చూడు, భయం వేసినప్పుడు జనం బుర్రతో పని చెయ్యరు, అలవాటుతో చేస్తారు" అన్నాడు. "ఓసారి మా బస్సులో పొగొచ్చింది. వెనక తలుపు పక్కనే కూర్చున్నవాడు లేచి, జనాన్ని తోసుకుంటూ ముందు తలుపు దాకా పరిగెత్తాడు. ఎందుకంటే ఎక్కింది అక్కడ. నీకూ అంతే. తప్పు నీది కాదు, నీ చేతిది. దానికి చెప్పాలి."

"చేతికి చెబితే వింటుందా?" అంది మెత్తక్క.

"వినేదాకా చెబుదాం."

హాల్లో ఉన్న ఒక్కగానొక్క తివాచీ మీద అతను టీవీ రిమోట్ పెట్టాడు. ఆమె చేతికి నీళ్ళ సీసా ఇచ్చాడు. "ఇది మండుతోంది. నీళ్ళు పొయ్యి." అత్తగారు సోఫాలో నిటారుగా అయింది. మెత్తక్క సీసా వంచింది, ఆగింది. రెండోసారీ ఆగింది. మూడోసారి రెండో చెయ్యి దానంతటదే వంటింటి గుడ్డ వైపు వెళ్తుంటే కూతురు చటుక్కున ఆ గుడ్డ లాగేసుకుంది. నాలుగోసారి మెత్తక్క కళ్ళు గట్టిగా మూసుకుని సీసా మొత్తం బోర్లించేసింది. నీళ్ళు రిమోట్ మీదుగా, ఎర్రపువ్వుల మీదుగా అత్తగారి కాళ్ళ దాకా పారాయి.

మెత్తక్క కళ్ళు తెరిచి చూసింది. తివాచీ అక్కడే ఉంది, ఇల్లు అక్కడే ఉంది. ఉన్నట్టుండి ఆమెకి నవ్వొచ్చింది. రెండో సీసా ఎవరూ అడక్కుండానే తెచ్చి పోసింది. కూతురు చప్పట్లు కొట్టింది. రిమోట్ ప్రాణం మాత్రం పోయింది. ఆ వారమంతా అత్తగారు ఛానల్ మార్చాలంటే లేచి వెళ్ళాల్సి వచ్చింది.

మర్నాడు ఉదయం మేడమ్ ఏమీ చెప్పకుండానే మళ్ళీ ఆ పొగ యంత్రం పెట్టింది. మెత్తక్క డబ్బా కొట్టింది, నీళ్ళు గుమ్మరించింది. సీటు తడిసింది, చాప తడిసింది, పక్క సీట్లో కూర్చున్న కెప్టెన్ బూట్లు తడిసిపోయాయి.

"నాలుగు సెకన్లు" అంది మేడమ్. "తివాచీ సంగతేంటి?"

"పోతే పోయింది మేడమ్."

కానీ గుడ్డతోనే కష్టాలు తీరిపోలేదు. ఆ మధ్యాహ్నం గొంతు సంగతి మొదలైంది. విమానంలోంచి జనాన్ని దించేటప్పుడు అరవాలి. మెత్తక్క అరుపు ఇంకో కప్పు కావాలా అని అడిగినట్టుంది. మేడమ్ ఆరుసార్లు అనిపించింది. ఆరోసారికి జట్టులో ఒక పిల్ల నిజంగానే, "వద్దక్కా, చాలు" అంది.

సాయంత్రం హాల్లో కుర్చీలన్నీ వరసగా వేశారు. కూతురు రెక్క మీది కిటికీ అయింది. అత్తగారు పెద్దాయన పాత్ర వేసి, మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని, దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"బెల్టులు విప్పండి. సంచులు వదిలెయ్యండి. ఇటు రండి" అంది మెత్తక్క.

"ఇది పెళ్ళికి పిలిచినట్టుంది" అన్నాడు కండక్టరు. "ఇరవై నాలుగేళ్ళుగా జనాన్ని ఎక్కించీ దించీ బతుకుతున్నాను. నా పెళ్ళాం ఎనిమిదిమందిని దించలేకపోయిందంటే డిపోలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? గొంతులోంచి కాదు, కడుపులోంచి రావాలి. విను." అతను పాదాలు ఎడం చేసి నిలబడ్డాడు. "దిగాలి దిగాలి, ముందుకి జరగాలి."

పై వాటాలో కిటికీ తెరుచుకుంది. వీధిలో పోతున్న ఒకాయన అలవాటు కొద్దీ నాలుగడుగులు ముందుకి జరిగి, ఎందుకు జరిగాడో తెలియక వెనక్కి చూశాడు. కూతురు నవ్వలేక నేల మీద కూలబడింది.

మెత్తక్క కూడా పాదాలు ఎడం చేసింది. మొదట పిల్లికూతలా వచ్చింది. తర్వాత కాస్త మేలు. ఎన్నిసార్లు అరిచినా అత్తగారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "నా మందులు లేకుండా నేను దిగను" అంటూ సంచీ గుండెకి హత్తుకుంది. మెత్తక్క ఆమె ముందు నిలబడి ఊపిరి పీల్చింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో అనుకున్నవీ అననివీ అన్నీ ఆ ఊపిరిలో కలిశాయో ఏమో, "సంచి వదులు. లే" అని ఒక్క కేక పెట్టింది. అత్తగారు లేచిపోయింది. సంచీ కుర్చీలోనే ఉండిపోయింది.

అత్తగారు గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగి, కోడల్ని ఎగాదిగా చూసింది. "ఇంట గెలిచావు" అంది. "ఇక రచ్చ గెలువు." ఆ మాటలో కోపం లేదు, కాస్త గర్వమే ఉంది.

మూడో రోజు ఈతకొలనులో గడిచింది. లైఫ్ జాకెట్లు వేసుకుని నీళ్ళలోకి దూకాలి, తేలుతున్న రబ్బరు తెప్ప మీదికి ఎక్కాలి, పక్కవాళ్ళని లాగాలి. ఆడపిల్లలు కేరింతలు కొడుతూ దూకారు. మెత్తక్క ముక్కు మూసుకుని, కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని దూకింది. తెప్ప ఎక్కాక అందరికంటే ముందు చెయ్యి చాపిందీ ఆమే. కెప్టెన్‌ని లాగడానికి మాత్రం నలుగురు కావలసి వచ్చారు. పొట్ట తెప్ప అంచు దాటనని మొరాయించింది. ఒక పిల్ల అతని బెల్టు పట్టుకుంది, మెత్తక్క జాకెట్ పట్టీలు పట్టుకుంది, ఒకటి రెండు మూడు అని లాగితే అతను చేపలా వచ్చి అందరి మీదా పడ్డాడు. ఆ మధ్యాహ్నం తడిజుట్టుతో బెంచీ మీద కూర్చుని అన్నం తింటుంటే ఆ ఆరుగురు పిల్లలూ ఆమె చుట్టూ చేరారు. తాను నవ్వు మొహంతో ఉన్నానని మెత్తక్కకి చాలాసేపటికి గానీ తెలియలేదు. ఇష్టపడి ఏదైనా నేర్చుకుని ఎన్నేళ్ళయిందో.

నాలుగో రోజు పొద్దున రాతపరీక్ష అయింది. కూతురు మూడు రాత్రులు ప్రశ్నలడిగి చంపిన పుణ్యమాని అది గట్టెక్కింది. మిగిలింది దించే పరీక్ష. ఒక్కొక్కరికీ ఒక్కటే అవకాశం. తప్పితే ఆరు నెలల తర్వాత మళ్ళీ రావాలి. మెత్తక్కకి ఆరు నెలలు లేవు, ఒకటో తారీకు ఐదు రోజుల్లో ఉంది.

"పైలట్లకి కూడా ఇది పరీక్షే" అంది మేడమ్. "మీ కెప్టెన్‌తో మీరు. మిగతావాళ్ళు ప్రయాణికులు."

మెత్తక్క తలుపు పక్కనున్న మడతసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. కెప్టెన్ కాక్‌పిట్‌లోకి వెళ్తూ, "ఏమ్మా, గుడ్డలు తెచ్చుకున్నావా?" అన్నాడు. ఆమె నవ్వలేదు.

ఉత్తుత్తి విమానం కింద యంత్రం గడగడలాడింది. సీట్లు ఊగాయి. దీపాలు ఆరిపోయాయి, పొగ కమ్మింది. స్పీకర్లో కెప్టెన్ గొంతు వినిపించింది, "దిగిపోండి, దిగిపోండి."

ఆమె బెల్టు విప్పుకుని లేచింది. తలుపు తీసేముందు దాని గుండ్రటి అద్దంలోంచి బయటికి చూడాలి. ఆమె తల వంచేలోపే కాక్‌పిట్ తెరుచుకుంది. కెప్టెన్ సూటిగా వచ్చి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. రెండో చెయ్యి టై సర్దుకుంటోంది. మెత్తక్క అద్దంలోంచి చూసింది. బయట ఎర్రదీపం వెలుగుతోంది. ఎర్రదీపమంటే అటు మంట ఉన్నట్టు లెక్క.

"వద్దు సార్. బయట మంట" అంది.

అలవాటైన మెత్తటి గొంతే వచ్చింది. ఆ గోలలో అతనికి వినపడలేదు. పిడి సగం తిరిగింది. ఆమె అతని మణికట్టు పట్టేసుకుంది. అతను విదిలించబోయాడు. "వదులమ్మా, టైమైపోతోంది."

ఆమె అతనికీ తలుపుకీ మధ్య దూరి, వీపు తలుపుకి ఆనించి నిలబడింది. "పిడి వదులు" అంది. ఈసారి కడుపులోంచే వచ్చింది. "అటు మంట. వెనక్కి నడు."

కెప్టెన్ చెయ్యి దిగిపోయింది. వెనక్కి నడిచాడు. ఆమె అతని వెనకే పొగలోకి వెళ్ళింది. "అందరూ రెక్క వైపు. బెల్టు విప్పు. తల దించు. కాలు ముందు పెట్టు. వెళ్ళు." కిటికీ ఊడదీసి అవతల పడేసింది. ఒక్కొక్క పిల్లా భుజం మీద ఆమె చెయ్యి తగలగానే బయటికి జారింది. ఒకతి పరీక్షలో భాగంగా చేతిసంచి వదలనని మొండికేసింది. సంచీ ఎటు వెళ్ళిందో ఆ పిల్లకి తెలిసేలోపు పిల్ల రెక్క మీద ఉంది. చివర మెత్తక్క పొగలో వంగి ప్రతి సీటూ చేత్తో తడిమి చూసి, అప్పుడు తాను దిగింది.

దీపాలు వెలిగాయి. పదహారేళ్ళలో ఆమె ట్రే లేకుండా కాక్‌పిట్ గుమ్మం కూడా తొక్కలేదు. అలాంటిది ఇప్పుడు కెప్టెన్ చెయ్యి పట్టుకుంది. పిడి వదులు, వెనక్కి నడు అని, పనివాణ్ణి అన్నట్టు అంది, అదీ ఇంతమంది ముందు. అయిపోయిందనుకుంది. వంటగదిలో తాను నిలబడే చోటు కూడా కళ్ళకి కట్టింది.

కెప్టెన్ మణికట్టు రుద్దుకుంటున్నాడు. మేడమ్ అతని ముందుకొచ్చి నిలబడింది. "తలుపు ముట్టుకునే ముందు బయటికి చూశారా?"

పొగ అడ్డొచ్చిందని అతను అనొచ్చు. అందరూ నమ్మేవాళ్ళు. అతను కాసేపు బూట్ల వైపు చూసుకున్నాడు. "లేదు మేడమ్" అన్నాడు. "విమానం ఆగగానే తలుపు తీసి, పెద్దాయన్ని సాగనంపడానికి అక్కడ నిలబడతాను. రోజూ చేసే పని. కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి."

"ఆమె అడ్డు రాకపోతే?"

"మంటలోకి తీసేవాణ్ణి. అందరం పోయేవాళ్ళం."

మేడమ్ కాగితం మీద ఏదో రాసింది. "మీరు రేపు ఉదయం మళ్ళీ రావాలి కెప్టెన్. ఈ భాగం మొదట్నుంచీ చెయ్యాలి." తర్వాత మెత్తక్క వైపు తిరిగింది. "మీరు రానక్కర్లేదు."

"అంటే వంటగదికేనా మేడమ్?" అంది మెత్తక్క. గొంతు మళ్ళీ సన్నబడిపోయింది.

"అంటే పాసయ్యారు" అంది మేడమ్. నాలుగు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆరుగురు పిల్లలూ వచ్చి మెత్తక్క మీద పడ్డారు. ఆమె ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది, రెండిట్లో ఏదీ ఆపుకోలేదు.

సంచీ సర్దుకుని బయటికొచ్చేసరికి కెప్టెన్ వరండాలో రెండు కాగితం కప్పులతో నిలబడి ఉన్నాడు. ఒకటి ఆమెకిచ్చాడు. టీ సగం అతని చేతుల మీదే ఒలికినట్టుంది. ట్రే పట్టడం అతనికి అలవాటు లేదు పాపం.

"మొన్న నవ్వాను, ఏమనుకోకు" అన్నాడు. "ఆ పట్టు ఎక్కడ నేర్చుకున్నావు?"

"సిటీ బస్సులో సార్."

అతను నవ్వబోయి, నిజమేనేమో అనుకుని ఆగాడు. "రేపు నా పరీక్షకి తలుపు దగ్గర ఒక మనిషి ఉండాలి. వస్తావా? నాకు నువ్వయితే ధైర్యం."

"వస్తాను" అంది మెత్తక్క. "మీరు మాత్రం ముందు అద్దంలోంచి చూడాలి."

"చూస్తాను" అన్నాడతను, బడిపిల్లాడిలా.

ఒకటో తారీకు ఉదయం కాగితంలో సిబ్బంది ముగ్గురని రాశారు. మెత్తక్క దాన్ని రెండుసార్లు చదివి, ఏమీ ఎరగనట్టు కాఫీ కలపడానికి వెళ్ళింది. పెద్దాయన ఒక్కడే వచ్చాడు. కాళ్ళ కింద పీట పైకి లేపుకుని, సీటు వెనక్కి వాల్చుకుని, వేడి కాఫీ చేతిలో పట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు. ఆయన ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు. విమానం మెల్లగా వెళ్ళి రన్‌వే మొదట్లో తిరిగింది. గోడకున్న ఫోన్ మోగింది. అది ఆ సమయంలో ఎన్నడూ మోగలేదు.

"క్యాబిన్ సిద్ధమా?" అన్నాడు కెప్టెన్.

మెత్తక్క పెద్దాయన్ని చూసింది, కప్పుని చూసింది. "ఇంకా కాలేదు సార్. ఆగండి."

విమానం ఆగిపోయింది. పెద్దాయన పేపరు దించి కిటికీలోంచి చూశాడు. "ఎందుకాగింది? ఎవరు ఆపారు?"

"నేనేనండి" అంది మెత్తక్క. "మీ చేతిలో వేడి కాఫీ ఉంది. సీటు నిటారుగా లేదు. బెల్టు లేదు."

"రెండు గుక్కలే ఉంది."

"తాగెయ్యండి. ఆగుతాం."

పెద్దాయన కాక్‌పిట్ తలుపు వైపు చూశాడు. అటునుంచి ఎవరూ రాలేదు, ఎవరూ పలకలేదు. ఇంజన్లు మోగుతూనే ఉన్నాయి. ఆయన మెత్తక్క మొహంలోకి, బహుశా పదహారేళ్ళలో మొదటిసారి, సరిగ్గా చూశాడు. ఆమె చెయ్యి చాపి నిలబడింది. ఆయన రెండు గుక్కల్లో కాఫీ తాగేసి కప్పు ఇచ్చాడు. పీట దించాడు. సీటు నిటారుగా చేసుకున్నాడు. బెల్టు కొక్కెం ఎక్కడుందో దొరక్క కాసేపు వెతుక్కుని, పెట్టుకున్నాడు.

"ఇంకేమైనా ఉందా?" అన్నాడు. గొంతులో కాస్త చిరాకు, దాని వెనక కాస్త గౌరవం.

"ఏమీ లేదండి."

కప్పు అరలో పెట్టి గడియ వేసింది. మడతసీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంది. అప్పుడు ఫోన్ తీసి, తొందరేమీ లేకుండా, "సిద్ధం" అంది.

విమానం కదిలింది.